తాతగారి బల్ల దగ్గరి యుంకర్

2024 అక్టోబరు 17, గురువారం మధ్యాహ్నం. జెర్సీ సిటీలో నది కనిపించే ఒక అపార్ట్‌మెంట్. హాజరైనవారు నలుగురు: గూఢచారి విభాగం చీఫ్ రఘువీర్, ఏజెంట్ ఫెబీ, శత్రుముఠాను విడిచి బెర్లిన్ నుంచి పారిపోయి వచ్చానంటున్న ఓటో ఫాన్ రాఫెనౌ, అతణ్ణి వెంటబెట్టుకొచ్చిన ఏజెంట్ రేష్మ, ఎర్ర గౌనులో, పచ్చల చెవిపోగులతో.

బల్ల మీద ఒక ఆర్డర్. రఘువీర్ సంతకం పెడితే ఓటోను పిస్కాటవే సేఫ్‌హౌస్‌కు తరలిస్తారు. అక్కడే ఫెబీ సహచరుడు నతానియేల్ దాగి ఉన్నాడు. ముఠా నాయకుడి ముఖం చూసి, భుజంలో బుల్లెట్‌తో బతికి బయటపడిన ఏకైక సాక్షి.

ఫెబీకి ఒళ్లు మండిపోతోంది.

"వెరిఫై చేయకుండా ఎలా సైన్ చేస్తారు సర్?"

"రేష్మ గ్యారంటీ ఇస్తోంది కదమ్మా. పైగా ఎంత పెద్ద వంశం!"

"వంశం చూసి ఓకే చెప్పడానికి ఇదేమన్నా పెళ్లిచూపులా?"

రేష్మ నవ్వింది. "కుళ్లుకోకే ఫెబీ. ఇంత పెద్ద క్యాచ్ నీకు దొరకలేదని."

ఫెబీ ఓటో వైపు తిరిగి, ఇంగ్లిష్‌లో అతని కుటుంబం గురించి అడిగింది. అతను వంశముద్ర ఉన్న ఉంగరం చూపించాడు.

"మేం యుంకర్లం. ఎల్బే నదికి తూర్పున మాకు బోలెడు భూములుండేవి. భోజనాల బల్ల దగ్గర మా తాత గ్లాసెత్తి, 'మనం యుంకర్లం' అని గర్వంగా చెప్పుకునేవాడు."

ఫెబీ ఉలిక్కిపడింది. చరిత్ర పరిశోధకురాలి వేషంలో బెర్లిన్‌లో ఉన్నప్పుడు, ఆమె అలాంటి ఇళ్లలో ఎన్నోసార్లు భోంచేసింది. 'యువకుడు', 'ప్రభువు' అనే పాత జర్మన్ మాటలు కలిసి పుట్టిన ఆ పదానికి మొదట్లో చిన్నదొర అని అర్థం. ఆ తరువాత ప్రష్యా భూస్వాములను ఎద్దేవా చేయడానికి ప్రత్యర్థులు దాన్ని రాయిలా విసిరారు. ఆ రాయిని ఏరుకొని నెత్తిన పెట్టుకున్న తాతను ఆమె ఏ ఇంట్లోనూ చూడలేదు.

రఘువీర్ పెన్ను కాగితాన్ని తాకింది.

"ఆగండి సర్! ఇతను ఆ ఇళ్లలో పుట్టలేదు. జనం తిట్టిన తిట్టును తాతగారి బిరుదంటున్నాడు. ఎవరో పాఠం చెప్పి పంపారు!"

వంశం అబద్ధమైతే ఉంగరమూ అబద్ధమేనని, ఆమె దాన్ని ఓటో వేలి నుంచి లాగి, వంశముద్రను మెలితిప్పింది. అది మూతలా ఊడింది. లోపల ఎర్రచుక్క మిణుకుమంటోంది: ముఠాను నేరుగా నతానియేల్ గుమ్మానికి చేర్చే ట్రాన్స్‌మిటర్.

రేష్మ చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోకి జారింది. అప్పటికే ఫెబీ పిస్టల్ ఆమెకు గురిపెట్టి ఉంది.

"చేయి తియ్. పాఠం చెప్పింది నువ్వే కదూ? ఒక్కసారైనా అలాంటి ఇంట్లో భోంచేసి రావాల్సింది పంతులమ్మా!"

రేష్మ ఖాళీ చేయి బయటికి తీసింది. రఘువీర్ పాత ఆర్డర్‌ను చింపి, అరెస్ట్ ఆర్డర్ రాయసాగాడు.

"వీడు అసలు పేరు చెప్పడం లేదమ్మా. ఏం రాయను?"

"యుంకర్ అని రాయండి సర్. తిట్టినట్టూ ఉంటుంది, వాడు మురిసినట్టూ ఉంటుంది."

రఘువీర్ అలాగే రాసి, సంతకం చేసి, కాగితాన్ని మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.