బ్యాండు హాల్లో ఊపిరి

చీకటి పడ్డాక వీల్‌మోర్ ఊరి బ్యాండు హాలు పక్కనుంచి ఎవరూ నడవరు. గని మూతపడక ముందు నుంచీ ఆ చోటుకి చెడ్డపేరే. లోపల పాట వినపడదుట, అడుగులూ వినపడవుట. ఊపిరి ఒక్కటే. పాట ఎత్తుకునే ముందు బ్యాండు మొత్తం గుండెల నిండా గాలి పీల్చినట్టు... హుమ్‌మ్... అంతే. ఆ తరవాత ఏమీ ఉండదు.

ఊనా ట్రెగెంజాకి ఈ సంగతి తెలియక కాదు. ఆ రోజు తప్పలేదు.

ఆదివారం కచేరీ. బ్యాండులో మిగిలింది ఏడుగురు, కాబట్టి అదే ఆఖరిది. చనిపోయిన బ్యాండుమాస్టరు క్లెమ్ ఎప్పుడో ఒక వియన్నా సింఫనీని ఊదే వాద్యాలకి మార్చి రాశాడు. వయొలిన్ల పాట ఊనా క్లారినెట్‌కి ఇచ్చాడు. కింద మోసే బరువు పాటంతా గార్త్ యూఫోనియంకి — అదే, చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఊదే లావుపాటి ఇత్తడి వాద్యం. ఆ గార్త్ పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఎవరినీ గుమ్మం తొక్కనివ్వడం లేదు.

"కింది పాట లేకుండా అదేం నిలబడుతుందమ్మా, తీసెయ్" అన్నారు మిగతావాళ్లు.

ఊనాకి మనసొప్పలేదు. మొగుడు పోయాక ఆమె ఇంట్లో మాట్లాడేది ఆ పాట ఒక్కటే.

ఒంటి క్లారినెట్‌తో నిలబడుతుందేమో చూద్దామని హాలు తాళం తీసింది. ఆ దక్షిణపు దేశంలో జూన్ అంటే నడి చలికాలం. అయిదింటికే చీకటి. రేకుల మీద వాన. ఒక్క దీపమే వెలిగింది... దాని కింద వరసగా ఖాళీ కుర్చీలు.

ఎత్తుకుంది. పాట సన్నగా, దిక్కులేనిదానిలా గాల్లో వేలాడింది.

కింది పాట అందుకోవాల్సిన చోటు వచ్చింది —

హుమ్‌మ్...

ఊనా ఊదడం ఆపేసింది. వాన... వానే, అనుకుంది. మళ్లీ ఎత్తుకుంది.

మళ్లీ సరిగ్గా అక్కడే — ఊపిరి. ఈసారి ఆగలేదు. పాట పొడుగునా సాగింది. స్వరం లేదు, గాలి ఒక్కటే.

వెనక సామాన్ల గదిలోంచి.

పారిపోవాలి. కాళ్లు మాత్రం అటే నడిచాయి. తలుపు తోసింది.

చీకట్లో ఇత్తడి మెరిసింది. దాని వెనక ఒక మొహం... ఒక పక్క జారిపోయి...

"చంపేశావు కదయ్యా, గార్త్!" గుండె పట్టుకుని గుసగుసగా అంది.

"దెయ్యమనుకున్నావా?" వంకర మూతితో నవ్వాడు. మాట ముద్దగా వచ్చింది. "దెయ్యానికి ఇంత ఆయాసం ఉండదే, ఊనా."

"ఇక్కడేం చేస్తున్నావు?"

"పెదవి బిగియదు. గాలి పోతుంది, స్వరం పుట్టదు... అది నలుగురి ముందూ చూపించుకోమంటావా? అందుకే చీకటి పడ్డాక వెనక తలుపులోంచి వస్తా."

ఊనాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నీ మూలంగా ఊరంతా హడలి చస్తోంది! ఎన్నాళ్లుగా ఈ పని?"

"మొన్న ఈస్టర్ నుంచి."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఈస్టరేంటి, గార్త్... ఈ ఊపిరి మాట మా అమ్మ చిన్నప్పటిది."

అతను ఆమె భుజం మీదుగా హాల్లో కుర్చీల వైపు చూశాడు.

"మరి ఇంట్లో ఊదుకోకుండా, వానలో పడి ఇంత దూరం ఎందుకొస్తాననుకున్నావ్?" అన్నాడు మెల్లిగా. "ఇంట్లో అయితే... ఒక్కణ్ణే కదా."

ఊనా వెనక్కి తిరిగి చూడలేదు. ఒక పెట్టె లాక్కుని అతని పక్కన కూర్చుంది.

"సరే," అంది. "మొదట్నుంచి."

క్లారినెట్ పెదవులకి ఆనించింది. ఇద్దరూ గుండెల నిండా గాలి పీల్చారు.

తెరిచిన తలుపు అవతల — ఖాళీ హాలు కూడా పీల్చింది.