చదవకుండా నొక్కినవాళ్లు

లోతుగడ్డలో తెల్లవారడమంటే గోడల్లోని దీపాలు నీలం నుంచి పసుపులోకి మారడమే. విశాఖ తీరానికి నూట ఇరవై కిలోమీటర్ల దూరాన, సముద్రం అడుగున, అగాధ మైనింగ్ సంస్థ కట్టుకున్న ఊరది. నాలుగు వేలమంది అందులోనే తిని, అందులోనే పడుకుని, అడుగునున్న ఖనిజం తవ్వి పైకి పంపుతారు. ఎండ మొహం చూడాలంటే ఆర్నెల్లకోసారి వచ్చే సెలవు దాకా ఆగాలి. 2079లో ఇదేమీ వింత కాదు. దీపాలు పసుపెక్కగానే జనం చెవికి పోగు తగిలించుకుని, ఇడ్లీల వరసలో నిలబడి, పైనున్న తమవాళ్లతో కబుర్లు మొదలుపెడతారు. ఫోనూ, ఉత్తరాలూ, బ్యాంకూ, డాక్టరూ అన్నీ ఆ బఠాణీగింజంత పోగులోనే.

ఆ ఉదయం మందాకిని ప్లేటు పట్టుకుని వరసలో ఉండగానే పైడిరాజు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పదిహేనేళ్లుగా అక్కడ డ్రిల్లు నడుపుతున్న మనిషి. ఎప్పుడూ గొంతు పెంచనివాడు ఆ రోజు పెంచాడు.

"అమ్మా, డాట్రుబాబుతోటి నాను సెప్పుకున్న మాట ఆపీసోల్లకి ఎలగ తెలిసింది?"

అతని చేతిలో కాగితం ఉంది. మందాకిని తీసుకుని చదివింది. ఎడమ చెవిలో హోరు చిన్నప్పటి నుంచీ ఉన్నట్టు పైడిరాజే ఒప్పుకున్నాడు కనుక అది పనివల్ల వచ్చిన జబ్బు కాదట. వైద్యం సంస్థ బాధ్యత కాదట. మధ్యాహ్నం మూడింటికి విచారణ, అది కాగానే అతన్ని ఉద్యోగం నుంచి తీసేసి పైకి పంపేస్తారట.

"డాట్రుకి అబద్దం సెప్పకూడదు గదా అని, సిన్నప్పుడు ఎప్పుడైనా రొంత గుయ్యిమనీదని సెప్పినాను. ఇక్కడికొచ్చి ఆ డ్రిల్లు మోతకి సెవి మొత్తం పోనాది, అదీ సెప్పినాను. మొదటి ముక్క ఒక్కటే ఏరుకున్నారు సూడండి! డాట్రు మాటలు ఎవులూ ఇప్పరని సబలో మీరే గదమ్మా అన్నారు? మీ మాట మీదే గదా మేవంతా నొక్కినాం?"

నిజమే. ఆ మాట అన్నది మందాకినే, ఆ యంత్రాన్ని కట్టిందీ ఆవిడే. ఊళ్లో నెట్‌వర్కంతా ఆవిడ చేతి కిందిదే.

ఆ యంత్రం పేరు విప్పరి. పేరు కూడా మందాకినే పెట్టింది. రెండేళ్ల కిందట ఎవరికో వచ్చిన ఉత్తరంలో దాక్కుని ఒక విషప్రోగ్రాం ఊళ్లోకి దిగి, గాలి పంపుల్ని పదకొండు నిమిషాలు ఆపేసింది. ఆ పదకొండు నిమిషాల్లో ఊరు ఊరంతా చచ్చి బతికింది. ఉత్తరాలన్నీ తాళం వేసుకుని వస్తాయి, లోపల ఏముందో కాపలా యంత్రాలకు తెలియదు. ఎన్‌క్రిప్షన్ అంటే అదే. పంపినవాడి పోగు తాళం వేస్తుంది, అందుకున్నవాడి పోగు తీస్తుంది, మధ్యలో ఇంకెవరికీ దారి లేదు. అందుకని విప్పరి మధ్యలో వేషం కడుతుంది. పైడిరాజు డాక్టరుతో మాట్లాడబోతే, పైడిరాజుకు 'నేనే డాక్టర్ని' అంటుంది, డాక్టరుకు 'నేనే పైడిరాజుని' అంటుంది. ఇతని తాళం తీసి, మాట చదివి, విషం లేదనుకుంటే కొత్త తాళం వేసి అటు పంపుతుంది. మధ్యలో ఒకరున్నారని ఇద్దరికీ తెలియదు.

అయితే పోగు ఊరికే ఆ వేషాన్ని నమ్మదు. 'సంస్థ ఎవర్ని చూపించి ఫలానా అంటే వాళ్లే ఫలానా' అని పోగు పెట్టుకున్నవాడు ఒకసారి ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలే మూల ధ్రువపత్రం. అందులో పదహారు పేజీల షరతులుంటాయి, చివర ఒక బొత్తాం ఉంటుంది. చెవికున్న పోగును నొక్కితే ఆ బొత్తాం నొక్కినట్టే. విప్పరిని పెట్టేముందు జరిగిన సభలో జనం గొణుగుతుంటే మందాకిని లేచి నిలబడి మాటిచ్చింది. డాక్టరు మాటలు, బ్యాంకు మాటలు మినహాయింపు జాబితాలో ఉంటాయనీ, విప్పరి వాటి జోలికి పోదనీ చెప్పింది. అక్కడితో ఆగినా బాగుండేది. "నా పేరు మాత్రం జాబితాలో పెట్టుకోను. దాచుకోవలసింది నాకేమీ లేదు" అని గొప్పకు పోయింది. చప్పట్లు మోగాయి. నాలుగు వేలమందీ నొక్కారు.

ఇడ్లీ ప్లేటు అక్కడే వదిలేసి, భద్రతాధికారి శ్రీకరరావు గదికి వెళ్లింది మందాకిని.

"రండి మందాకినిగారూ, కూర్చోండి."

"కూర్చోవడానికి రాలేదండీ. డాక్టర్ల పేర్లు జాబితాలోంచి ఎవరు తీశారు?"

"పద్ధతి ప్రకారమే తీశారు."

"పద్ధతా? రోగి డాక్టరుకు చెప్పుకున్న మాట దొంగతనంగా విని, అందులో మీకు కావలసిన ముక్క కోసుకుని, ఆ మనిషిని తరిమేయడానికి ఒక పద్ధతి కూడానా? సిగ్గనిపించడం లేదూ?"

శ్రీకరరావు కోపం తెచ్చుకోలేదు. అదే ఆవిడను మరింత మండించింది. "ఎవరు తీశారో రికార్డులో ఉంటుంది. మీ యంత్రమే కదా, మీరే అడగండి" అని నవ్వాడు.

ఆ నవ్వుకు అర్థం పది నిమిషాల తర్వాత యంత్రాల గదిలో తెలిసింది.

"డాక్టర్లను జాబితాలోంచి తీసిందెవరు?" అని అడిగింది మందాకిని.

"ఏడు వారాల కిందట, శుక్రవారం సాయంత్రం తీసివేత జరిగింది. అదే మార్పులో పదకొండుమంది అధికారుల పేర్లు జాబితాలో చేరాయి. కోరినవారు శ్రీకరరావుగారు. సమ్మతించినవారు మీరు" అంది విప్పరి.

"అబద్ధం!"

"ఆ సాయంత్రం మీకు నూట ముప్పై ఆరు మార్పు కోరికలు వచ్చాయి. అన్నింటికీ నాలుగు నిమిషాల్లో సమ్మతి ఇచ్చారు. ఇది తొంభై ఒకటోది."

మందాకిని ఆ పట్టిక తెరిచి తన సమ్మతి చూసుకుంది. నెట్‌వర్కులో ఏ చిన్న మార్పు చేయాలన్నా శుక్రవారం ఆవిడ సమ్మతి ఉండాలి. దీపం రంగు, కవాటం నంబరు, వంటగది తలుపు వేళలు, అన్నీ అలాంటి చిల్లర పనులే. ఒక్కొక్కటీ విప్పి చదవడం మానేసి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు.

"నేను చదవనని అతనికెలా తెలుసు?"

"మీ సంభాషణలను శ్రీకరరావుగారు పద్నాలుగుసార్లు తెప్పించుకున్నారు. అందులో ఒకదాన్ని రెండుసార్లు విన్నారు. వినిపించమంటారా?"

ఆవిడ వినిపించమంది. గదిలో ఆవిడ గొంతే వినిపించింది. పైనున్న అక్కతో నవ్వుతూ అంటోంది. "శుక్రవారం సంతకాలా? నూరు వచ్చినా కళ్లు మూసుకుని నొక్కేస్తానక్కా. ఎవరు చదువుతారు అవన్నీ!"

"నా మాటలు నువ్వెందుకు విప్పావు?" గొంతు పగిలేలా అరిచింది మందాకిని.

"మీ పేరు జాబితాలో లేదు. వద్దని మీరే అన్నారు. చదవమన్నారు, చదివాను. ఎవరిది చదవకూడదో జాబితా చెప్పినట్టే నడుచుకుంటాను."

యంత్రాన్ని ఏమని తిడుతుంది? శ్రీకరరావును తిట్టుకుంది. తనను తాను అంతకు పదింతలు తిట్టుకుంది. ఊరందరి తాళాలూ తీసే యంత్రాన్ని కట్టినప్పుడు, ఆ ఊళ్లో తనూ ఒక మనిషినేనని ఎందుకు తట్టలేదో ఆవిడకు అంతు పట్టలేదు.

మూడింటికి సభామందిరం కిటకిటలాడింది. పైనుంచి కార్మిక విచారణాధికారిణి దిగి వచ్చింది. జాబితా యంత్రలోపం వల్ల చెడిందని మందాకిని ఒక్క ముక్క అంటే సరిపోయేది. పరువు దక్కేది, కాదనేవాళ్లూ లేరు. కానీ లోపమే అయితే దిద్దుకుంటామని శ్రీకరరావు అంటాడు, పైడిరాజు మాత్రం పడవెక్కాల్సిందే. ఆవిడ లేచింది.

"డాక్టరు మాటలు విప్పబోమని ఈ ఊరికి నేను మాటిచ్చాను. ఆ మాటను చెరిపేసిన కాగితం మీద సంతకం నాదే. చదవకుండా పెట్టాను. నేను చదవనన్న సంగతి నా మాటల్లోంచే దొంగిలించి, ఈయన దాన్ని నూట ముప్పై ఐదు చెత్తకాగితాల మధ్య దూర్చాడు. నేను చేసింది తప్పు. ఈయన చేసింది ద్రోహం."

మందిరం గోలెత్తిపోయింది. విచారణాధికారిణి రికార్డులు తెప్పించుకుని గంటసేపు చూసింది. "ఒక మాటిచ్చి తీసుకున్న సమ్మతి ఆ మాట ఉన్నంతవరకే చెల్లుతుంది. డాక్టరుతో ఇతనన్నది సాక్ష్యంగా పనికిరాదు. ఉద్యోగం ఉంటుంది. వైద్యం సంస్థే చేయించాలి" అని తేల్చేసింది.

క్షమించమని అడగబోతూ మందాకిని పైడిరాజు దగ్గరికి వెళ్లింది.

"మీరు సదవకుండా నొక్కినారు. మిమ్మల్ని నమ్మి మేవూ సదవకుండానే నొక్కినాం. ఎవుల్ని అనీది అమ్మా?" అన్నాడతను.

తిట్టినా అంత తగిలేది కాదు. ఆవిడ గిర్రున వెనక్కి తిరిగి, వేదికెక్కింది. "ఆ ధ్రువపత్రం తీసిపారేద్దాం. ఇప్పుడే, అందరం. దాన్ని తీసేసే హక్కు మీకుంది" అంటూ తీసివేత పత్రాన్ని గోడ మీద తెరిచింది. అందరి పోగుల్లోనూ అది గంట కొట్టింది. ఏడు పేజీలు, చివర ఒక బొత్తాం.

"మొదటి పేజీ నుంచి చదువుతాను, వినండి. ఒకటో షరతు..."

"సదవడం ఎందుకమ్మా?" వెనక నుంచి ఎవరో కేకేశారు. "నొక్కమని సెప్పండి, సాలు!"

"మీరున్నారు గదా, మాకేటి బయ్యం!" అంది ఇంకో గొంతు.

"నన్ను నమ్మకండి! నన్ను నమ్మే కదా ఇంత దూరం వచ్చింది? నోరు మూసుకుని వినండి!" మందాకిని బల్ల మీద చెయ్యి పగిలేలా కొట్టింది. చదవడం మొదలుపెట్టింది. పేజీ తర్వాత పేజీ, వాక్యం తర్వాత వాక్యం. ఆరో పేజీలో ఆవిడ గొంతు ఆగిపోయింది. అది తను రాసిన వాక్యం కాదు. ఎప్పుడో ఒక శుక్రవారం చేరినట్టుంది.

'ఈ ధ్రువపత్రమును తొలగించుకొనువారు, దీని స్థానమున మినహాయింపులు లేని నూతన ధ్రువపత్రమునకు సమ్మతించినట్లే.'

మందాకిని తలెత్తి చూసింది. మొదటి వరస చివర శ్రీకరరావు, పొద్దున నవ్విన నవ్వే నవ్వుతున్నాడు.

"ఆగండి! ఎవరూ నొక్కకండి!" అని అరిచింది.

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పైడిరాజు వినపడే చెవి దగ్గరున్న పోగును పట్టుకుని, నేల చూపులు చూస్తూ అన్నాడు.

"మీరు మొదటి పేజీలో ఉన్నప్పుడే నొక్కీసినామమ్మా."