సిగ్నల్‌కి జబ్బు లేదు

"ఏవండీ! అద్దాన్ని ఎవరైనా చున్నీతో తుడుస్తారా? గీతలు పడతాయి!"

నిచ్చెన మీదున్న అమ్మాయి కిందికి చూసింది. వాన అప్పుడే వెలిసింది. సిగ్నల్ స్తంభానికి బిగించిన కెమెరా మీది నీళ్ళు ఆమె మోచేతి మీదుగా జారి, సరిగ్గా ఆ కేకేసినవాడి ముక్కు మీద పడుతున్నాయి.

"ఇది మేకు పెట్టి గీసినా గీత పడని అద్దం. మీరు కాస్త తప్పుకుంటే దిగుతాను. ఇంతకీ తమరెవరు, అద్దాల డాక్టరా?"

"దాదాపు అంతే," అన్నాడతను ముక్కు తుడుచుకుంటూ. కూడలి మూల మీదున్న కళ్ళజోళ్ళ దుకాణం అతనిదే. గుమ్మంలో కుర్చీ వేసుకుని ఈ తమాషా చూస్తున్నది అతని తల్లి.

అతను పరుగున వెళ్ళి మెత్తటి గుడ్డ తెచ్చేసరికి ఆమె దిగిపోయి నిచ్చెన మడుస్తోంది. అయినా గుడ్డ తీసుకుంది.

"గుడ్డకి థాంక్స్. ముక్కు మీద పడ్డ నీళ్ళకి మాత్రం సారీ చెప్పను. కింద నిలబడమని నేను పిలవలేదు."

ఆ రోజే అతను మనసులో ఆమెకి 'నిచ్చెనమ్మాయి' అని పేరు పెట్టేసుకున్నాడు.

ఆమె సిగ్నళ్ళ ఇంజనీరు. ఆ కూడలిలో కొత్త సిగ్నల్ పెట్టి పరీక్షిస్తున్నారు. పాతది బండ్లున్నా లేకపోయినా ఒకేలా వెలిగి ఆరేది. కొత్తది ఏ దారిలో ఎన్ని బండ్లు ఆగాయో కెమెరాతో చూసుకుని, రద్దీ ఎక్కువున్న వైపు దారి ఇస్తుంది. వానాకాలం గట్టెక్కితే ఊరంతా ఇవే వస్తాయి. లేదంటే పాత పెట్టెను మళ్ళీ తెచ్చి తగిలిస్తారు.

నిజానికి అది బాగానే పనిచేస్తోంది. ఇదివరకు హారన్ల మోతకి దుకాణంలో జోళ్ళన్నీ గలగలలాడేవి. ఇప్పుడు గోడగడియారం చప్పుడు కూడా వినిపిస్తోంది.

"మీ పుణ్యమా అని మా దుకాణం ముందు ఇప్పుడెవరూ ఆగడం లేదండీ," అన్నాడతను ఒకసారి ఆటపట్టిస్తూ. "ఎర్రలైటు దగ్గర విసుగెత్తి లోపలికొచ్చి జోళ్ళు పెట్టుకు చూసేవాళ్ళు, పాపం."

"అయితే మీ బోర్డుకి ఎర్రలైటు పెట్టుకోండి."

ఆ వానాకాలం ఆమె తరచుగా వచ్చేది. సిగ్నల్ పనిచేయడం లేదని ఎవరో ఫోన్ చేసేవారట. తీరా వచ్చి చూస్తే ఏ లోపమూ ఉండేది కాదు. అతను గుడ్డ ఇచ్చేవాడు, నిచ్చెన పట్టుకునేవాడు, నోటికొచ్చిన ప్రశ్నలన్నీ అడిగేవాడు.

"వాన మరీ ఎక్కువై దీనికేమీ కనబడకపోతే?"

"ఇన్నాళ్ళూ ఆ వేళకి ఏ దారిలో ఎంత రద్దీ ఉండేదో దానికి గుర్తుంటుంది. ఆ జ్ఞాపకం మీద నడుస్తుంది."

"అలా ఎన్నాళ్ళు నడుస్తుంది?"

"ఎక్కువ రోజులు నడవదు. కన్ను తుడవాలి కదా మరి."

ఒక సాయంత్రం ఆమె నిచ్చెన లేకుండానే దుకాణంలోకి వచ్చింది. ముఖం చూడగానే అతని నవ్వు పెదవుల మీదే ఆగిపోయింది.

"ఇవాళ ఫోన్ చేసినవాళ్ళ నంబరు అడిగి తీసుకున్నాను. మీ బోర్డు మీదున్న నంబరే!"

"నేనా? నేనెందుకు చేస్తానండీ?"

"దుకాణం ముందు ఎవరూ ఆగడం లేదని మీరే అన్నారుగా! నాలుగు బేరాల కోసం నా పని మీద దెబ్బ కొడతారా? రేపు మా పెద్దాఫీసరు చూసేది ఆ ఫిర్యాదులనే. ఇది నమ్మదగింది కాదని ఆయన తేలిస్తే పాత పెట్టె తిరిగొస్తుంది. నేను మాత్రం రాను."

మడతపెట్టిన గుడ్డ కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

అతను వెనక్కి తిరిగాడు. వాళ్ళమ్మ తళతళలాడుతున్న అద్దాన్నే పట్టుకుని తెగ తుడుస్తోంది.

"అమ్మా! ఆ ఫోన్లు..."

"ఎర్రలైటు మరీ ఎర్రగా ఉన్నట్టు అనిపించిందిరా."

"అమ్మా!"

"మరేం చెయ్యను? ఆ పిల్ల వచ్చిన రోజు ఈలేసుకుంటూ షట్టర్ దించుతావు. రాని రోజు పిలిస్తే పలకవు. నోరు తెరిచి అడుగుతావేమోనని చూస్తే, గుడ్డలిచ్చి పంపుతున్నావు!"

"ఆమె ఇన్నాళ్ళ కష్టం పోతుందమ్మా."

తల్లి చెయ్యి ఆగిపోయింది. నెమ్మదిగా అంది:

"మీ నాన్న వెళ్ళొస్తానన్న రోజు నేను బేరంలో ఉన్నాను. తలెత్తి చూడలేదు. ఆయన మళ్ళీ రాలేదు. అప్పట్నుంచీ ఎవరు వెళుతున్నా ఇంకాసేపు ఆపుదామనిపిస్తుందిరా నాకు."

అతను ఆమె చేతిలోని అద్దం తీసుకుని పక్కన పెట్టాడు.

"రేపు నన్ను ఆ ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్ళు. నేనే చెబుతాను," అందామె.

మర్నాడు కంట్రోల్ రూమ్‌లో గోడ నిండా తెరలు. పెద్దాఫీసరు అప్పటికే పెదవి విరుస్తున్నాడు. "ఇన్ని ఫిర్యాదులొచ్చిన దాన్ని ఎలా నమ్మడం?" అంటుండగా తల్లి చొరవగా లోపలికి నడిచింది.

"బాబూ, ఆ ఫోన్లు చేసింది నేను. సిగ్నల్‌కి ఏ జబ్బూ లేదు. జబ్బు మా అబ్బాయికి."

"ఏం జబ్బమ్మా?"

తల్లి గడ్డంతో నిచ్చెనమ్మాయిని చూపించింది. "అదిగో."

కళ్ళజోళ్ళ అబ్బాయికి లోకమంతా ఒక్కసారిగా మసకబారింది. నిచ్చెనమ్మాయి ఫైలులో ముఖం దాచుకుంది. చెవులు మాత్రం దాగలేదు, ఎర్రగా వెలిగిపోతున్నాయి.

"నన్నేమైనా అను బాబూ. పిల్లని మాత్రం ఏమీ అనకు."

ఆఫీసరు నవ్వాపుకుంటూ దగ్గాడు. "సరే, అవి తీసేద్దాం. నిజమైన ఫిర్యాదులేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి సార్," అంది నిచ్చెనమ్మాయి తలెత్తి. "బాగా వాన పడితే కెమెరా అద్దం మసకబారుతుంది. తుడవాల్సిందే. అది దాచను."

మాట పూర్తవుతుండగానే వాన దంచికొట్టింది. ఆ కూడలి కెమెరా తెర తెల్లగా పాలిపోయింది. అందరూ పక్క మేడ చూరు కిందున్న కెమెరా తెరవైపు తిరిగారు. బడి వదిలే వేళ. బస్సులన్నీ ఒకే దారిలో బారులు తీరాయి. కన్ను కనిపించని సిగ్నల్, రోజూ ఆ వేళకి ఇచ్చినట్టే బడి దారికి పచ్చలైటు ఇచ్చింది. బస్సులు ఒక్కొక్కటే సాఫీగా దాటిపోయాయి.

ఆఫీసరు సంతకం పెట్టాడు. ఆ సంతకంతోనే పక్క ఊరి సిగ్నళ్ళ పనీ ఆమెకే అప్పగించాడు.

"ఇక మా కూడలికి రారన్నమాట," అన్నాడతను వరండాలో.

"ఫిర్యాదు వస్తే వస్తాను. మీ ఇంట్లోంచి వస్తే మాత్రం నమ్మను."

"అయితే నేనిక జ్ఞాపకం మీద నడవాలా?"

ఆమె ఆగింది. "అలా ఎక్కువ రోజులు నడవదని చెప్పానుగా," అని గబగబా మెట్లు దిగిపోయింది.

ఆ మాట అర్థమేమిటో తేలక అతను కొన్నాళ్ళు ఈలవెయ్యడం మానేశాడు. ఒక ఆదివారం పొద్దున దుకాణం ఫోన్ మోగింది. తల్లి ఎత్తి స్పీకర్ నొక్కింది.

"ఒక ఫిర్యాదండీ. మా నాన్నగారి కళ్ళజోడు వదులైంది. ఇంటికి మనిషిని పంపాలి."

"నిజంగానే వదులైందా అమ్మా?"

"ఇప్పుడే నేనే వదులు చేశానండీ. మీ దగ్గర నేర్చుకున్నదే."

తల్లి పడీపడీ నవ్వింది. "మనిషి బయల్దేరుతున్నాడు తల్లీ. నాన్నగారికి చెప్పు, ఆ మనిషి వెనకాలే నేనూ వస్తాను."

మనిషి అప్పటికే మూడు అద్దాల్లో తల దువ్వేసుకున్నాడు.

"వెళ్ళొస్తానమ్మా."

తల్లి చేతిలో బేరం అలాగే వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కూడలిలో ఎర్రలైటు పడింది. అతను స్కూటర్ ఆపి వెనక్కి చూశాడు. ఆమె చెయ్యెత్తింది. అతనూ ఎత్తాడు. ఇద్దరూ తృప్తిగా చూసుకునేంతసేపు ఆ లైటు అలాగే ఉంది.

ఆ తర్వాత పైనున్న కన్ను, వెనక ఇంకెవరూ లేకపోయినా, ఆ ఒక్క స్కూటర్‌ని చూసి దారిచ్చింది.