క్వారీ గట్టు మీద కొరమేను

నానక్‌రామ్‌గూడ వెనకాల, అద్దాల మేడలు అయిపోయే చోట, నీళ్ళు నిండిన పాత క్వారీ గుంట ఒకటుంది. ఒక పక్కంతా పెద్ద పెద్ద బండల గట్టు. ఆ గట్టు మంచిది కాదంటారు. పొద్దుగూకాక అక్కడ గాలం వేసినవాళ్ళు ముగ్గురు ఇంటికి రాలేదు. గాలం కర్ర, చెప్పులు, టిఫిన్ డబ్బా... అన్నీ గట్టు మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మనిషే లేడు. ముగ్గురికీ ఈత వచ్చు.

నేను చూసింది కాదు, మా సైమన్ చెప్పగా విన్నదే. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి.

సైమన్‌ది విశాఖపట్నం. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు హార్బర్ దగ్గర, సముద్రంలోకి వేసిన రాళ్ళ గట్టు మీద గాలం వేస్తూ పెరిగాడు. అలల మధ్య కూర్చున్నవాడికి ఈ గుంట ఒక లెక్కా అని ధీమా.

అప్పుడు వాడి భార్య రాహేలుకి నాలుగో నెల. పాపం, మంచినీళ్ళు తాగినా వాంతే. మనిషి పుల్లలా అయిపోయింది. అలాంటిది ఓ శనివారం తనే నోరు తెరిచి, “కొరమేను పులుసైతే రెండు ముద్దలు తింటానేమోనండి” అంది. బజార్లో దొరకవా అంటే, బోలెడు. కానీ హార్బరు పిల్లాడు పెళ్ళానికి కొన్న చేప పెడతాడా! పౌరుషం అడ్డొచ్చింది.

ఆ సాయంత్రమే గాలం పట్టుకుని క్వారీకి వెళ్తే, గట్టు దగ్గర ఐలయ్య ఆపాడు. పక్కన కడుతున్న బిల్డింగ్‌కి కాపలా మనిషి.

“చీకటైతున్నది సారూ. ఇగ ఇంటికి పో.”

“ఒక్క చేప పడితే పోతాను పెద్దాయనా.”

“గట్ల అన్నోళ్ళే సారూ...” మాట సగంలో మింగేసి, ఐలయ్య గబగబా వెళ్ళిపోయాడు.

సైమన్ గాలం వేశాడు. నీటి మీద తేలే బెండు కదల్లేదు. కప్ప అరుపు లేదు, కీచురాయి లేదు. ఇంత పెద్ద ఊరి పక్కన ఇంత నిశ్శబ్దం ఏమిట్రా అనుకున్నాడు. ఎన్నిసార్లు వేసినా ఎర చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. గుంటలో చేపన్నదే లేనట్టుంది.

ఇక లాభం లేదని సర్దుకుంటుంటే...

తప్... తప్...

కింద, నీటి అంచున, బండ మీద — మూరెడు కొరమేను. తోకతో కొట్టుకుంటోంది.

సైమన్ గుండె గంతేసింది. దేవుడే పంపాడనుకున్నాడు. కళ్ళ ముందు రాహేలు ముఖమే. కర్ర పక్కన పెట్టాడు. జారకుండా చెప్పులు విప్పాడు. ఒక్కో బండా దిగి, రెండు చేతులా పట్టుకున్నాడు.

వేలికి ఏదో గుచ్చుకుంది. గాలపు ముల్లు. దానికి తాడు. ఎవరి గాలమో తెంపుకుని వచ్చిందిలే, మామూలేగా... అని తాడు లాగాడు.

రాలేదు. తాడు నీళ్ళలోకి దిగి, బిగుతుగా ఉంది.

అప్పుడు చూశాడు — ముల్లు నోట్లో లేదు. వీపులో ఉంది.

బతికున్న చేపని ఎరగా వేసేటప్పుడు, చావకుండా కొట్టుకుంటూ ఉండాలని వీపులోనే గుచ్చుతారు. హార్బర్లో తనూ అలాగే గుచ్చేవాడు. కానీ మూరెడు కొరమేనే ఎర అయితే... పట్టదలచుకున్నది ఏమిటి?

తాడు కాస్త వదులైంది. ఆగింది. మళ్ళీ మెల్లగా బిగిసింది... ఎర అందుకుందో లేదో చూస్తున్నట్టు.

“యేసయ్యా!” చేప వదిలేశాడు. అది ఈదలేదు, తాడే దాన్ని వెనక్కి నీళ్ళలోకి ఈడ్చుకుపోయింది. సైమన్ చేతులూ కాళ్ళూ గీరుకుపోతున్నా పాకుతూ పైకొచ్చి పడ్డాడు.

జేబులో ఫోన్ మోగింది. రాహేలు.

“చేప దొరక్కపోతే పోనీండి. నాకు భయంగా ఉంది, వచ్చేయండి.”

ఆ గొంతు వినగానే ఏడుపొచ్చేసింది. “వస్తున్నానే... వచ్చేస్తున్నా.”

ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. కింద, నీటి అంచు నుంచి, సన్నగా... రాహేలు గొంతు.

“ఏమండీ... కాలు జారింది... చెయ్యివ్వండి...”

ఎర మార్చి వేశారు.