ఎడమ హెడ్‌లైటు

టక్!

నాలుగు తలుపులూ ఒక్కసారిగా లాక్ అయ్యాయి.

ఆమె హ్యాండిల్ లాగుతుంది. రాదు. మళ్లీ లాగుతుంది. ఊహూఁ... రాదు!

"సార్... లాక్ పడింది సార్. పొరపాటున బటన్ నొక్కినట్టున్నారు."

బయట నిలబడ్డాడు ఓనరు. ఆయన చేతిలో కారు రెండో తాళం. బొటనవేలు ఇంకా దాని బటన్ మీదే ఉంది.

పొరపాటు కాదు!

ఆయన నింపాదిగా గ్యారేజ్ ముందువైపుకి నడుస్తాడు. రెండు చేతులతో షట్టర్ కిందికి లాగుతాడు. గడగడమంటూ దిగిపోతుంది.

బయట మిట్టమధ్యాహ్నం. లోపల చీకటి. షట్టర్ అడుగున సన్నటి వెలుతురు గీత... అంతే.

"సార్! ఏంటిది? తలుపు తియ్యండి!"

ఆయన వెనక్కి తిరుగుతాడు. చొక్కా కిందనుంచి ఏదో తీస్తాడు.

పిస్టల్!



ఆమెను అందరూ డాక్టరమ్మ అంటారు. మనుషులకు కాదు, పాత బళ్లకు. సెకండ్ హ్యాండ్ కారు కొనాలంటే ముందు ఆమె వచ్చి చూడాలి. ఆయిల్ మూత తీసి వాసన చూస్తుంది. డిక్కీలో కార్పెట్ లేపి తుప్పు వెతుకుతుంది. సీటు బెల్టు చివరంటా లాగి, నీళ్లలో మునిగిన మరకలున్నాయేమో చూస్తుంది. ఓనర్లు పూసిన పౌడరంతా పది నిమిషాల్లో దులిపేస్తుంది.

ఇవాళ్టి పేషెంటు ఈ కాంపాక్ట్ ఎస్‌యూవీ. కంపెనీ తయారీ ఆపేసిన మోడల్. ఇంజను గట్టిదే, బాడీ గట్టిదే. కానీ ఒక పార్టు పోయిందా... ఇక గోవిందా! షోరూముకి వెళ్తే వాళ్లు ఈ బండి పేరే ఎప్పుడూ విననట్టు మొహం పెడతారు. పుట్టిల్లు లేని కోడలి పరిస్థితి దీనిది. ఏ కష్టమొచ్చినా పంపడానికి చోటు లేదు.

ఈ మోడల్‌కి ఒక పాత రోగం కూడా ఉంది. బయటినుంచి రిమోట్‌తో లాక్ చేస్తే లోపలి హ్యాండిల్స్ పనిచెయ్యవు. దొంగల కోసమని పెట్టారట. చిన్నపిల్లల్ని లోపల వదలకండి అని కొనేవాళ్లందరికీ ఈ డాక్టరమ్మే జాగ్రత్తలు చెబుతుంది.

ఇప్పుడు లోపల తనే ఉంది!

ఇగ్నిషన్‌లో ఒక తాళం ఉంది. దాని బటన్ చచ్చిపోయింది. అద్దాల స్విచ్‌లు నొక్కుతుంది. కదలవు. డ్రైవరు వైపు అద్దం మాత్రం రెండు వేళ్ల సందు వదిలి ఇరుక్కుపోయింది. 'పవర్ విండోలు పోయాయి సార్, రేటు తగ్గించాలి' అని ఇందాకే బేరం కూడా ఆడింది. ఎంత తెలివి!

ఫోన్...?

ఫోన్ బయట బానెట్ మీద ఉంది. టార్చ్ వేసి చూడటానికి తనే పెట్టింది. కనబడుతుంది. అందదు.

ఓనరు ఆ అద్దం సందు దగ్గరికొచ్చి వంగుతాడు. బ్యాంకులో సెక్యూరిటీ గార్డుగా చేసి రిటైరయ్యానని ఇందాక చెప్పాడు. మంచినీళ్లు కూడా ఇచ్చాడు. అమ్మా, అమ్మా అని పిలిచాడు.

ఇప్పుడు పిలవడు.

"బండిలో ముందు ఏం చూశావ్?"

"ఏ... ఏంటి సార్?"

"రాగానే ఏం చూశావ్? ఇంజనా? టైర్లా?"

ఆమె గుర్తు చేసుకుంటుంది. నిజమే... రాగానే ముందుకెళ్లి ఎడమ హెడ్‌లైటు దగ్గర కూర్చుంది. టార్చ్ వేసి చూసింది. గోటితో తట్టింది. ఆ తర్వాతే బానెట్ ఎత్తింది.

"లైటు సార్. ఎడమ లైటు."

"ఎందుకు?"

"మా అన్నయ్య చూడమన్నాడు! మాకూ ఇదే మోడల్ ఉంది. దాని ఎడమ లైటు పగిలింది. కొత్తది ఎక్కడా దొరకట్లేదు సార్... అందుకే బండి మొత్తం కొనేసి లైటు తీసుకుందామన్నాడు. మిగతాది ఎలా ఉన్నా పర్లేదు, ఆ లైటు ఒరిజినలో కాదో చూడమ్మా అన్నాడు. అంతే సార్! దీనికి తుపాకీ ఎందుకు సార్!"

"మీ బండి లైటు ఎలా పగిలింది?"

"కుక్క అడ్డమొచ్చింది."

ఓనరు చెయ్యి వణుకుతుంది. ఎడమ చేత్తో జేబులోంచి రుమాలు తీస్తాడు. విప్పుతాడు. అందులో హెడ్‌లైటు ముక్క. తమలపాకంత ముక్క. దాని మూల అచ్చు వేసిన చిన్న పార్టు నంబరు.

ఆ నంబరు ఆమెకు కంఠతా వచ్చు. ఎన్ని షాపుల్లో అడిగిందో!

"ఇది మా ఆవిడ శాలువాలో దొరికింది," అంటాడు ఆయన. "వానలో, తెల్లారకముందు. డ్యూటీ దిగి ఇంటికి నడిచొస్తోంది. మలుపు దగ్గర ఎవడో బండితో గుద్దేసి పోయాడు."

"సార్..."

"గంటసేపు బతికుందట! డాక్టరు చెప్పాడు. ఎవరైనా ఆస్పత్రికి తీసుకెళ్లి ఉంటే..."

ఆయన ముక్కని మళ్లీ రుమాలులో చుట్టి జేబులో పెట్టుకుంటాడు. కళ్లు తుడుచుకోడు. పిస్టల్ దించడు.

"పోలీసులు వెతుకుతూనే ఉన్నారు. నేను వెతకలేదు. ఇదే మోడల్ ఒకటి కొన్నాను. అమ్మకానికి పెట్టాను. 'ఎడమ హెడ్‌లైటు ఒరిజినల్' అని యాడ్‌లో రాశాను. చాలామంది వచ్చారు. ఇంజన్ చూశారు. మైలేజ్ అడిగారు. ఇది ఆగిపోయిన మోడల్ కదా, రేపు మళ్లీ అమ్మితే పోతుందా అని అడిగారు. లైటు చూసింది నువ్వొక్కదానివే!"



ఆ తెల్లవారుజాము ఆమెకు బాగా గుర్తుంది. వేరే ఊళ్లో ఒక బండి చూసి, అన్నాచెల్లెళ్లు తిరిగొస్తున్నారు. కుండపోత వాన. వైపర్లు కొట్టుకుంటున్నాయి. మలుపు. దభీమని చప్పుడు! అన్నయ్య దిగాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక తల నుంచి కాళ్ల దాకా తడిసి ముద్దయ్యాడు.

'కుక్కమ్మా. పోయింది. పద.'

ఆ కుక్క కోసం ఆమె ఏడ్చింది! రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. 'పిచ్చిదానా, కుక్క కోసం ఎవరైనా ఇంత ఏడుస్తారా' అని అన్నయ్యే కలిపి ముద్దలు పెట్టాడు. ఆ మర్నాడే బండి మీద టార్పాలిన్ కప్పేశాడు.

కుక్క కాదు...

కుక్క కాదు!

"ఎవడు నడిపాడు?" ఓనరు గొంతు పెరుగుతుంది. "మీ అన్నయ్యేనా?"

ఆమె పలకదు.

పలకలేదు. ఎందుకంటే ఆ తెల్లవారుజామున అన్నయ్య పక్క సీట్లో నిద్రపోతున్నాడు.

స్టీరింగు ఉన్నది ఆమె చేతుల్లో!

నిజం చెబితే తను చస్తుంది. చెప్పకపోతే అన్నయ్య చస్తాడు. అమ్మానాన్నలు పోయాక ఆమెకు జడ వెయ్యడం కోసం పక్కింటి పిన్నిగారి దగ్గర జడ నేర్చుకున్న అన్నయ్య. ఆమె పెళ్లయ్యేదాకా తను చేసుకోనని భీష్మించుక్కూర్చున్న అన్నయ్య.

ట్రింగ్... ట్రింగ్...

బానెట్ మీద ఫోన్! స్క్రీన్ మీద 'అన్నయ్య'.

ఓనరు ఫోన్ తీసి స్పీకర్ ఆన్ చేస్తాడు. అద్దం సందు దగ్గర పెడతాడు. పిస్టల్ గొట్టం ఆమె కణతకి గురిపెడతాడు. "రమ్మను," అని పెదాలతో అంటాడు.

"ఏమ్మా, చూశావా? లైటు ఎలా ఉంది?"

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంటుంది.

ఓనరు ఎదురుగా బండిని తిట్టలేం కదా. అందుకని అన్నాచెల్లెళ్లకు ఒక లెక్కుంది. బండి మంచిదైతే 'ఏదోలే, పర్లేదు' అని సణగాలి. బండి కుళ్లిపోయిందనుకో... 'బంగారం' అనాలి. ఆ మాట వింటే అన్నయ్య ఇక ఆ వీధి ఛాయలకు కూడా రాడు.

"బంగారం అన్నయ్యా," అంటుంది. "బండి బంగారం."



"అంత బంగారమా?"

"మేలిమి బంగారం!"

అవతల ఊపిరి చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది.

"నీ గొంతేంటమ్మా అలా ఉంది?"

"దుమ్ము. గ్యారేజ్ కదా."

"సరే. వస్తున్నా."

కట్!

రాడు. వస్తున్నా అన్నది ఓనరు వినడానికి. మాట అర్థమైంది కాబట్టి రాడు. పోలీసుల్ని పంపుతాడేమో. అమ్మయ్య! ఆమె సీటుకి చేరగిలబడుతుంది. అంత భయంలోనూ కాస్త నవ్వొస్తుంది. ఓనర్లందర్నీ మోసం చేసిన మాట ఈ ఓనర్ని కూడా మోసం చేసింది.

నిమిషాలు గడుస్తాయి. లోపల గాలాడదు. చెమట కారి కళ్లలోకి దిగుతుంది. చీకటికి కళ్లు అలవాటు పడ్డాయి. గోడకు స్పానర్లు. ఒక మూల జాకీ. మేకుకు వేలాడుతున్న నీలం గొడుగు, ఒక పుల్ల విరిగిపోయి ఉంది.

బయట బండి ఆగిన చప్పుడు.

పోలీసులేనా...?

షట్టర్ మీద అరచేత్తో కొట్టిన చప్పుడు. దబ్! దబ్! దబ్!

"చెల్లీ!"

అన్నయ్య!

'ఎందుకొచ్చావ్? బంగారం అన్నాను కదా! అన్నాను కదా!' లోపల్లోపల అరుస్తుంది. అంతలోనే అర్థమవుతుంది. బంగారం అన్నందుకే వచ్చాడు. చెల్లెలు కుళ్లిన చోట ఇరుక్కుందని తెలిశాక ఆ మనిషి రాకుండా ఎలా ఉంటాడు!

ఓనరు షట్టర్ మోకాలెత్తు లేపుతాడు. కింద నుంచి పాకుతూ వస్తాడు అన్నయ్య. చొక్కా నిండా దుమ్ము. పిస్టల్ వంక చూడడు. ముందు కారు లోపలికి చూస్తాడు. చెల్లెలు బతికే ఉంది. అప్పుడు చేతులెత్తుతాడు.

"నేనొచ్చాను కదండీ. ఆ పిల్లని వదిలెయ్యండి. ఏం కావాలో నన్నడగండి."

ఓనరు రుమాలు విప్పి ముక్క చూపిస్తాడు.



"ఎవరు నడిపారు?"

"నేనే."

తడుముకోలేదు. రెప్ప కూడా వెయ్యలేదు. ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలిసి రోజూ జవాబు బట్టీ పట్టినట్టు చెప్పాడు.

"నేనే నడిపాను. మా చెల్లెలు వెనక సీట్లో నిద్రపోతోంది. దానికేం తెలీదు."

పిస్టల్ లేస్తుంది!

ఓనరు ఇప్పుడు సరిగ్గా బానెట్ ముందున్నాడు. ఆమెకు వీపు తిప్పి. బంపరుకి, ఆయన కాళ్లకి మధ్య రెండు బారల దూరం కూడా లేదు. అన్నయ్య పక్కకి, గోడవైపు ఉన్నాడు.

బ్యాటరీ కొత్తది. తిప్పగానే స్టార్ట్ అవుతుంది. ఇందాకే చూసింది. క్లచ్ కాస్త పైన పట్టుకుంటుంది. అదీ చూసింది. మొదటి గేరు... వదిలితే చాలు!

పాదం క్లచ్ మీదికి వెళ్తుంది. గేరు పడుతుంది. వేళ్లు తాళాన్ని పట్టుకుంటాయి.

దభీమని చప్పుడు.

ఇప్పటిది కాదు. ఆ వానలోది. చెవుల్లో మోగుతూనే ఉంది. మళ్లీ అదే చప్పుడా? ఇంకొకసారా? ఆయన పెళ్లాన్ని చంపిన చేతులే ఆయన్నీ చంపాలా?

చెయ్యలేదు. ఆమె వల్ల కాదు!

లైట్ల స్విచ్ తిప్పుతుంది.

భగ్గుమని వెలుగు! రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారి వెలుగుతాయి. హారన్ మీద అరచెయ్యి వేసి నొక్కుతుంది. గ్యారేజ్ అదిరిపోతుంది.

ఓనరు గిరుక్కున తిరుగుతాడు. పిస్టల్ ఆమె వైపు.

"నేను నడిపాను!" అద్దం సందులో మూతి పెట్టి అరుస్తుంది. "నేనే నడిపాను సార్! నన్ను కాల్చండి!"

"నోర్ముయ్!" అన్నయ్య అరుస్తాడు. "అబద్ధం సార్! దాని మాట వినకండి!"

"మా అన్నయ్య పక్క సీట్లో నిద్రపోతున్నాడు సార్! ఆ చప్పుడుకి లేచాడు. దిగి చూసొచ్చాడు, అంతే! వాడి తప్పేం లేదు! మా అన్నయ్యని వదిలెయ్యండి..."

ఓనరు చెయ్యి మెల్లగా కిందికి దిగుతుంది.

 నమ్మాడు! ఆయన నమ్మాడు!

"దిగి చూసింది..." ఓనరు తిరుగుతాడు. "ఇతనా?"



ఓనరు గోడ దగ్గరికి నడుస్తాడు. మేకు మీది నీలం గొడుగు తీస్తాడు. హెడ్‌లైట్ల వెలుగులో విప్పుతాడు. విరిగిన పుల్ల వేలాడుతుంది.

"ఇది మా ఆవిడది. ఆవిడ ఒక చోట పడితే ఇది ఇంకో చోట పడింది. ఎవరో దీన్ని వెతికి తెచ్చారు. ఆవిడ మొహం మీద వాన పడకుండా పక్కన ఆనించి వెళ్లిపోయారు."

స్టీరింగు మీది ఆమె చెయ్యి జారిపోతుంది.

"వాన. చీకటి. పొరపాటు ఎవరి వల్లయినా జరుగుతుంది. నడిపిన మనిషిని తిట్టుకున్నాను, ఏడ్చాను, ఎప్పుడో వదిలేశాను. నడిపినవాళ్లూ, గొడుగు పెట్టినవాళ్లూ ఒక్కరే అనుకున్నాను ఇన్నాళ్లూ." ఆయన గొడుగు కింద పెడతాడు. "నాకు కావలసింది గొడుగు పెట్టినవాడు."

"అన్నయ్యా..." ఆమె అద్దం సందులోకి వేళ్లు దూరుస్తుంది. "కుక్క అన్నావు కదా అన్నయ్యా..."

అన్నయ్య ఆమె వంక చూస్తాడు. అన్నం ముద్దలు పెట్టినప్పుడు చూసిన చూపే.

పిస్టల్ మళ్లీ లేస్తుంది. ఈసారి వణకదు.

"ఒక్క మాట చెప్పు. నువ్వు దిగి చూసినప్పుడు మా ఆవిడకి ఊపిరుందా?"

ఆమె హ్యాండిల్ లాగుతుంది. రాదు. భుజంతో గుద్దుతుంది. రెండు చేతులా లాగుతుంది. రాదు! రాదు!

"ఉంది," అంటాడు అన్నయ్య.

"మరి?"

"బండిలో మా చెల్లెలుంది."

ఢాం!