నమూనాలో మిగిలిన వాక్యం

ఉదయం పది గంటలు. ఆస్పత్రిలో ఒక్క ఎక్స్‌రే కూడా తెరుచుకోలేదు. డేటాబేస్‌లో రోగుల పేర్లున్నాయి. బొమ్మలన్నీ సగంలో తెగిపోయాయి.

పదకొండుకల్లా సైబర్ విభాగం ఇన్‌స్పెక్టర్ ఆ ప్రోగ్రాం రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీలో కూర్చుంది.

"ఈ అమ్మాయే మేడమ్. ప్రోగ్రాం మీద తన పేరే ఉంది. తీసుకెళ్లి లోపలెయ్యండి," అన్నాడు డైరెక్టర్.

"నేను రాయలేదు," అంది ప్రోగ్రామర్. ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం వాచిపోయింది.

మూలనున్న పెద్దాయన లేచి ఆమె ముందు మంచినీళ్లు పెట్టాడు. అక్కడ అందరూ వాడుకునే రెడీమేడ్ కోడ్ లైబ్రరీకి డాక్యుమెంటేషన్, అంటే వివరణ పేజీలు, రాసేది ఆయనే.

"అసలు తప్పేమిటి పెద్దాయనా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"ఏది దాచినా అది ఏ రకమో డేటాబేస్‌కి చెప్పాలమ్మా. రకానికో కాన్‌స్టెంట్, అంటే మారని పేరు. అక్షరాలకు స్ట్రింగ్, బొమ్మలకు బైనరీ. ఇక్కడ బొమ్మలకు స్ట్రింగ్ పెట్టారు. అందుకే సగంలో తెగాయి."

"మీ పేజీ ఏమంటోంది?"

"బైనరీ అనే."

ఇన్‌స్పెక్టర్ పేజీ తెరిచింది. వివరణలో బైనరీయే. కిందున్న నమూనా కోడ్‌లో మాత్రం స్ట్రింగ్!

ఆమె చాలాసేపు పాత ప్రోగ్రాములు తిరగేసింది. తర్వాత స్క్రీన్ అందరివైపు తిప్పింది.

"'ఇక్కడ మీ టేబుల్ పేరు రాయండి.' నమూనాలోని ఈ సూచన ప్రోగ్రాంలో అలాగే మిగిలిపోయింది. ఈ అమ్మాయి కోడ్‌లో ఇలాంటివి ఎక్కడా లేవు. డైరెక్టర్ గారూ, మీ కోడ్ నిండా ఇవే. వివరణ చదవరు, నమూనా ఎత్తి అతికిస్తారు. పొద్దున పదీ ఇరవైకి మీ పేరు తీసి ఈ అమ్మాయి పేరు పెట్టిన జాడ సర్వర్‌లో ఉంది."

డైరెక్టర్ ముఖం మాడిపోయింది. "నమూనా తప్పు రాసింది ఈ ముసలాయన!"

"అవును. వివరణలో సరిగ్గా రాసి నమూనాలో గొయ్యి తవ్వారు. ఎవరికోసం పెద్దాయనా?"

"చదివేవాళ్లు ఆ గోతిలో పడరమ్మా. చదవనివాడొక్కడే పడతాడు." ఆయన డైరెక్టర్‌ని వేలితో చూపించాడు. "రెండేళ్ల కిందట తన తప్పుకు మా అబ్బాయి పేరు తగిలించాడు. వాడు ఉరేసుకున్నాడు."

"మరి రోగుల గతి?"

ఆయన జేబులోంచి చిన్న డిస్క్ తీశాడు. "బొమ్మలన్నీ ఇందులో భద్రంగా ఉన్నాయి. ఇతని పరువొక్కటే పోవాలనుకున్నా. ఈసారైనా తప్పు ఒప్పుకోక చస్తాడా అనుకున్నా. మళ్లీ ఓ పిల్లనే దొరికించుకున్నాడు."

డిస్క్ ఆస్పత్రికి పరుగెత్తింది. ఇద్దరినీ జీపు ఎక్కించమంది ఇన్‌స్పెక్టర్. పెద్దాయనకు బేడీలు వెయ్యనివ్వలేదు.

"నేను రాయలేదు! నా మాట వినండి!" డైరెక్టర్ మెట్ల మీద అరుస్తున్నాడు.

పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని అతనివైపు తిరిగాడు.

"మావాడూ అచ్చం ఇదే అన్నాడు బాబూ. మీ గది ముందే నిలబడి."