కొర్రమట్టలకు హోల్డ్ పడింది

"మీ కంపెనీ ముచ్చట తర్వాత చెప్పుకుందాం. ముందుగాల కాలు తియ్యండి సార్. నా తొట్టిల ఉన్నది."

శేఖర్ కిందికి చూసుకున్నాడు. వాన తప్పించుకుందామని టార్పాలిన్ కిందికి వెనక్కి వెనక్కి జరిగి, ఏకంగా చేపల తొట్టిలో కాలు పెట్టేశాడు. నిన్ననే కొన్న బూటు చుట్టూ కొర్రమట్టలు అనుమానంగా తిరుగుతున్నాయి.

శామీర్‌పేట చెరువు దగ్గర రోడ్డు పక్కన సరళ చేపల దుకాణం అది. వాట్సాప్‌లో ఆర్డర్ పెడితే చేపలు కోసి, కడిగి, యాప్రాల్ కాలనీల్లో ఇళ్లకు స్కూటీ మీద చేరుస్తుంది. శేఖర్‌ది మేడ్చల్. దుకాణదారులను 'చిటికె పే' అనే కంపెనీలో చేర్పించడం అతని ఉద్యోగం.

"మీరు లింకు పంపుతరు మేడమ్. కస్టమర్ ముందే పైసలు కడతడు. తెల్లారి మీ బ్యాంకుల పడతయి."

"అంటే ఒక్క రోజు నా పైసలు మీ దగ్గరుంటయన్నట్టు. గా రోజు మీరు ఇయ్యనంటే?"

శేఖర్ నవ్వాడు. "ఎందుకియ్యం? దుకాణం మూసుకొని పారిపోతమా?"

ఆ నవ్వు అందంగానే ఉంది. కానీ కొంచెం తొందరపడి నవ్వాడు.

సరళకు అసలు భయం వేరే ఉంది. పోయిన ఏడు మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె రోజున, ఊరంతా చేప తినాలనుకునే ఆ ఒక్క రోజున, ఆర్డర్ పెట్టినవాళ్లలో సగం మంది ఫోనెత్తలేదు. కోసిన చేపను మళ్లీ చెరువులో వదల్లేం కదా! ఈసారి కూడా మునిగితే దుకాణం మూసి గాజులరామారంలో ప్యాకింగ్ కంపెనీకి పోవాలని తండ్రి మొగులయ్య ఖరాఖండిగా చెప్పేశాడు.

ఒకవైపు మాట తప్పే కస్టమర్లు. ఇంకోవైపు ముఖం తెలియని కంపెనీ. ఎటు మొగ్గినా భయమే. ఆమె ఆలోచిస్తున్నన్నాళ్లూ శేఖర్ 'ఇటువైపు పనుండి' రోజూ వచ్చాడు. అన్ని రోజులు ఏం పనుందో చెరువుకే తెలియాలి.

"సగం ఆర్డర్లు లింకుకు పెడుత. సగం చేతి పైసలు," అంది చివరికి.

"సగమెందుకు మేడమ్? మొత్తం పెట్టండి. ఎవ్వడు ఎగ్గొట్టడు." అతని టార్గెట్ అలా మాట్లాడించింది.

"సరే, మొత్తం లింకుకే పెడుత. ముంచితే ఈసారి బూటు కాదు, మిమ్మల్నే తొట్టిల ఏస్త."

"మంజూర్," అన్నాడు శేఖర్.

మిరుగం దగ్గర పడేసరికి ఆర్డర్లు వెల్లువెత్తాయి. సరళ మొహం వెలిగిపోయింది. సరిగ్గా ముందురోజు పొద్దున ఫోన్‌లో మెసేజ్ వచ్చింది: 'మీ ఖాతాలో అసాధారణ లావాదేవీలు గమనించాము. పరిశీలన పూర్తయ్యే వరకు మీ చెల్లింపులు నిలిపివేయబడినవి.'

శేఖర్ హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. ఎక్కడో దూరాన కూర్చున్న ఆఫీసర్‌కు పెద్ద సందేహం వచ్చింది. "అందరూ ఒకే రోజు చేపలు ఎందుకు కొంటున్నారు? ఏదైనా ఆఫర్ ఉందా?"

"ఆఫర్ కాదు సార్, కార్తె! ఆ రోజు అందరూ చేప తింటారు."

"ప్రూఫ్ పంపండి."

మిరుగానికి ప్రూఫ్ ఎవరిస్తారు? శేఖర్ బైకు తీసి, వానలో తడుస్తూ శామీర్‌పేట చేరాడు.

సరళ తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. ఖాళీ తొట్లు కడుగుతూ నిలబడింది.

"తెల్లారంగనే చెరువుల చేపలు పట్టినోళ్లకు పైసలియ్యాలె," అంది. "లేకుంటే హోల్‌సేల్ సేటు డీసీఎం బండి వచ్చి మొత్తం ఎత్తుకపోతది. ఆర్డర్లున్నయి, చేపలుండయి."

"నా దగ్గర కొన్ని పైసలున్నయి..."

"వద్దు. మీ పైసలతోని నడిస్తే నా దుకాణం ఎట్లయితది?"

శేఖర్ జుట్టులోంచి నీళ్లు తుడుచుకున్నాడు. "అయితే ఒక్కటే దారి. హోల్డ్ పడితే పైసలు మీకియ్యరు గని, కట్టినోళ్లకు వాపస్ పంపొచ్చు. గా బటన్ మీ చేతిలనే ఉన్నది. అందరికీ వాపస్ కొట్టండి. ఇంటింటికి పోయి చేతి పైసలు అడుగుదాం."

"మరి మీ టార్గెట్?"

"మునిగింది."

సరళ మొదటిసారి అతన్ని నిదానంగా చూసింది. "వాపస్ పడనీకె రోజులు పడతది. అప్పటిదాక వాళ్లు రెండుసార్లు కట్టినట్టే గద. ఎవలిస్తరు?"

"అడిగితెనే తెలుస్తది. పైసలు మీరు అడగండి. తిట్లు మొత్తం నేను తింట."

సరళ అందరికీ వాపస్ కొట్టింది. తడిసిన బైకు మొండికేసింది. దాంతో సరళ స్కూటీ వెనక సీటు మీద, ఎగిరిపోతున్న గొడుగు పట్టుకుని శేఖర్ యాప్రాల్ వెళ్లాడు. గొడుగు ఆమెకు పట్టాడు, తను తడిశాడు.

మొదటి ఇల్లు దుర్గాబాయిది. ఆమె సంగతి విని, అతని టీషర్టు మీది 'చిటికె పే' అన్న అక్షరాలు చదివింది.

"నువ్వేనా గా చిటికె పిలగానివి? నా పైసలు ఆపుకొని, మల్ల అడగనీకె వచ్చినవా? సిగ్గుందా?"

గల్లీ మొత్తం కిటికీలు తెరుచుకున్నాయి. శేఖర్ సరళను తన వెనక్కి జరిపి ముందు నిలబడ్డాడు. టీషర్టు విప్పి జేబులో పెట్టుకునే వీలు కూడా లేదు పాపం.

"తప్పు మాదే అమ్మా. మీ పైసలు వాపస్ వస్తయి. రాకుంటే నా జీతంలకెళ్లి ఇస్త. నా నంబర్ తీసుకోండి. మేడ్చల్‌ల ఉంట, ఎటూ పోను."

దుర్గాబాయి లోపలికి వెళ్లి పైసలు తెచ్చి సరళ చేతిలో పెట్టింది. "కంపెనీ గింపెనీ నాకు తెల్వది బిడ్డా. నువ్వు పాడైన చేప ఎన్నడూ తేలే. అందుకిస్తున్న."

కొందరు తలుపేసుకున్నారు. ఎక్కువమంది ఇచ్చారు. చీకటి పడకముందే సరిపోయినన్ని పైసలు జమయ్యాయి. తిరుగు దారిలో సరళ గొడుగు కొంచెం వెనక్కి జరపమంది.

మిరుగం తెల్లవారింది. మొగులయ్య చెరువు గట్టు మీదే చేపలు పట్టినవాళ్లందరికీ పైసలు ఇచ్చేశాడు. సేటు డీసీఎం ఖాళీగా మళ్లింది. శేఖర్ సెలవు పెట్టి పొలుసు గీకుతూ కూర్చున్నాడు. కనుబొమల మీద కూడా పొలుసే.

చివరి ఆర్డర్ వెళ్లాక మొగులయ్య కూతురి పక్కన కూర్చున్నాడు. "బిడ్డా, ఇగ గాజులరామారం మాట ఎత్తను."

సరళ కళ్లు తుడుచుకుంది, చెయ్యి చేపలదని కూడా మరిచిపోయి.

కొన్నాళ్లకు హోల్డ్ పోయింది. అందరి పైసలూ వాళ్లవాళ్ల ఖాతాల్లో పడ్డాయి. ఆ రోజు శేఖర్ కంపెనీ టీషర్టు లేకుండా, ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు.

"ఇగ సగం లింకు, సగం చేతి పైసలు," అంది సరళ చేప కోస్తూ. "ఎంత మంచి కంపెనీ అయినా ఒక్కదాని మీదనే పడి ఉండను. రెండో దారి ఉండాలె."

"మంచిదే. ముందుగాల మీరు చెప్పినప్పుడే వినేది ఉండె." శేఖర్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకో మాట. నాకు మీరంటే మస్తు ఇష్టం. తొట్టిల కాలు వెట్టిన్నాటి సంది."

కత్తి ఆగింది. "పరిశీలనల పెడుత," అంది గంభీరంగా.

అతని ముఖం వాడిపోయింది. "ఎన్ని రోజులు?"

సరళ ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. "ప్రూఫ్ ఎప్పుడో అందింది. దుర్గాబాయి తిడుతుంటే నువ్వు నన్ను నీ వెనక నిలబెట్టుకున్నవు చూడు, గప్పుడే." నవ్వు ఆగాక గొంతు మెత్తబడింది. "అన్నిటికీ రెండో దారి వెట్టుకున్న శేఖర్. నీకు మాత్రం వెట్టుకోలే."

శేఖర్ నవ్వాడు, ఏమాత్రం తొందరపడకుండా.

"ఓ పిలగా," వెనక నుంచి మొగులయ్య గొంతు వినబడింది. "మాటలయినయా? అయితే గీ తొట్టి జర పట్టు. ఇంటి మనిషివయి సుట్టం లెక్క నిలబడితె ఎట్ల?"

శేఖర్ ఉరికి పట్టుకున్నాడు. ఆ కంగారులో తొట్టి ఒరిగి సగం నీళ్లు బూట్లలో పడ్డాయి. ఈసారి అతను కిందికి చూసుకోలేదు.